ముసురులో గొణుగుడు

ముసురు పట్టిందంటే గౌరీబాయికి భయం. నిరుడు వానాకాలమంతా చాప మీది నుంచి లేవలేదు, బువ్వ ముట్టలేదు. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ మందుబిళ్లలతో పాటు ఒక పని నేర్పింది. మబ్బు పట్టినా సరే, పొద్దున్నే బయట నిలబడాలి. నెమ్మదిగా ఊపిరి తీస్తూ కంటికి కనబడ్డవాటి పేర్లు పలకాలి.

ఈ ఏడు ఆమె అదే చేసింది. పెన్‌పహాడ్ పక్క తండాలో ఆడమనిషి వానలో ఒంటరిగా గొణిగితే ఊరుకుంటారా? బాణామతి, చేతబడి చేస్తోందన్నారు. అత్త రంగి తన దువ్వెనలో రాలిన వెంట్రుకలు కూడా కోడలికి దొరక్కుండా దాచుకుంది. ఇంతలో పక్కింటి బాల్యా బర్రె పాలు తగ్గించింది. ఇంకేం, అతను మరో ముగ్గురితో కర్రలు పట్టుకొచ్చాడు.

"ఎవరి పేరు సదువుతున్నవే?"

"నీ బర్రె పేరే. గాడ బర్రె. గీడ బురద. నీ చేతిల కట్టె." గౌరీబాయి ఆపలేదు. ఆపితే మళ్లీ ఆ చాపే.

రంగి గొంగడి కప్పుకొని వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"నిరుడు బతిమాలినా ముద్ద మింగలే. ఇయ్యాల రెండు రొట్టెలు తిన్నది. బాణామతి అయితే అయితది, నేను గూడ అంట. గాడ తుమ్మచెట్టు. గీడ బాల్యాగాని బోడిగుండు. కొడితే ఇద్దర్ని కొట్టున్రి!"

కర్రలు కిందికి దిగాయి. అనుమానం దిగలేదు. బాల్యా తన గుమ్మానికి వేపమండలు కట్టాడు. రంగి వెంట్రుకలు దాచడం మానలేదు. కానీ మర్నాడు పొద్దున్నే మబ్బులో కోడల్ని తట్టి లేపింది ఆమే.