పక్కబండిలో నాలుగో మనిషి

యుద్ధం ముగిసిన మరుసటేడు, పటాలం వాళ్ళు వదిలేసిన మోటారు సైకిలొకటి కుప్పం స్టేషన్లో రైలు దిగి, పుంగనూరు మిషను కాంపౌండరు బర్నబాస్ ఇంటికి చేరింది, కాన్పు కష్టమైన ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చడానికి. బండి అయితే వచ్చింది గానీ, దాని వెనక సీటు మీద నిండు గర్భిణిని ఎట్లా కూర్చోబెట్టేది? కమ్మరి బాలప్ప ఎడమపక్కన ఇనుప చట్రం కట్టి, మూడో చక్రం తగిలించి, పైన నులకమంచం బిగించి పక్కబండి చేశాడు. ఎద్దులబండికి వేసినట్టే వెదురు గూడు కూడా వేశాడు. అందులో మదనపల్లె ఆసుపత్రికి పోయిన ఆడవాళ్ళంతా ఒకటే మాట చెప్పేవాళ్ళు, నొప్పుల నడుమ కూడా కునుకు పట్టిందని.

బర్నబాస్ భార్య కృపావతికి ఆ మంచమంటే ప్రాణం. ఆమె తొలిచూలు ఆ దారిలోనే, ఎద్దులబండి కుదుపుల్లో, మదనపల్లె చేరకుండానే పోయింది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. ఎవరికి నొప్పులొచ్చినా తోడుగా వెనక సీటెక్కేది, అంతే.

మొదటిసారి ఎక్కింది బైరెడ్డిపల్లె ఎల్లమ్మ కోడలు. బండి కదలబోతుంటే ఎల్లమ్మ అడ్డం నిలబడింది.

"మొగుడూ పెండ్లాలు మీరిద్దరు, నా కోడలొకటి. ముగ్గురు పోతే పనవుతాదా అమ్మా?"

ముగ్గురైనప్పుడు ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకుపోవడం ఆ పల్లెల అలవాటు. అందరూ గులకరాయి కొంగున కట్టుకుంటారు. ఎల్లమ్మ మాత్రం అరిగిపోయిన విసుర్రాయిని దొర్లించుకొచ్చి మంచం మీద కాళ్ళవైపు పెట్టించింది.

"మనిషంటే మనిషి బరువుండొద్దా?"

"మనకు ఇట్లాంటివి లేవు గదా కృపా," అని గొణిగాడు బర్నబాస్.

"మనకు లేవు. ఆమెకు ఉండాయి. ఉండనీ."

తిరుగుదారిలో దాన్ని తీసిపారేద్దామని అతను బండి ఆపితే, "మనిషిని నడిమి దావలో దించేసి పోతామా?" అని ఆమె నవ్వింది. రాయి ఉండిపోయింది.

అంతలో కొత్త చట్టం వచ్చింది. ఇన్సూరెన్సు కాగితం లేకపోతే మోటారు బండి రోడ్డెక్కకూడదట. కుప్పంలో బండి ఇప్పించిన వరదరాజులే ఏజెంటుగా కూడా దిగి, కాగితాలతో ఇంటికొచ్చాడు.

"మంచం మాట కాగితంలో యాలప్పా? ఉట్టి మోటారు సైకిలని రాసేస్తా. ఈ పొద్దే పనైపోతాది. నిజం రాయిస్తివా, కంపెనీవాడు వచ్చి సూస్తానంటాడు. సూస్తే ఊడదీయమంటాడు."

బర్నబాస్ సంతకానికి పెన్ను అందుకోబోయాడు. గడపలోంచే కృపావతి అడిగింది.

"మంచం లేదని రాస్తే, దాంట్లో పండుకున్న ఆమె కూడా లేనట్టే గదన్నా? దావలో ఏమన్నా అయితే ఆ కాగితం ఎవుర్ని ఆదుకుంటాది?"

"బండిని," అన్నాడు వరదరాజులు తాంబూలం నములుతూ.

"బండికి నొప్పులు రావు గదా."

మార్పులు చేసిన బండ్లకు కూడా కాగితం రాసే రామచంద్ర అనే ఏజెంటు మదనపల్లెలో ఉన్నాడని విన్నారు. రుసుము ఎక్కువే, పైగా కళ్ళారా చూస్తేగానీ రాయడు. అతను కాదన్నాడంటే మంచం ఊడినట్టే. అయినా కృపావతి అటే మొగ్గింది.

మంచు ఇంకా విడవని పొద్దున బయల్దేరారు. ఇన్నాళ్ళూ వెనక సీటే గానీ, ఆమె ఎప్పుడూ ఆ మంచం మీద పడుకోలేదు. ఆ పొద్దు పడుకుంది. గూటి అంచున చింతకొమ్మలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి ఈదుకుంటూ పోయాయి. ఆకాశం పాలు పొంగినట్టు తెల్లగా కదిలింది. ఎక్కడో రాగిచేలో కంకుల మీద మంచు రాలుతున్న చప్పుడు, ఇంజను మోతలో వినబడకూడనిది, వినబడినట్టే అయింది. పక్కన చిన్న ఊపిరి ఏదో ఆడుతున్నట్టు తోచి, ఆమె తెలియకుండానే చేయి చాచి జోకొట్టింది.

రామచంద్ర బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంటిదగ్గర చేయించిన పక్కబండికి ఒకటే భయమమ్మా. ఖాళీగా ఉన్నప్పుడు ఎడమకు తిప్పితే దీని చక్రం లేస్తుంది. బోల్తా కొడుతుంది. ఖాళీగా నడపమనండి, చూస్తాను."

బర్నబాస్ నడిపాడు. వీధి మలుపులో మూడో చక్రం గాలిలోకి లేచి, దభీమని పడింది. రామచంద్ర కాగితాలు మడిచేశాడు. "మంచం తీసేసి రండి. రాసిస్తాను."

కృపావతి బండి దగ్గరికి వెళ్ళి మంచం తడిమింది. కాళ్ళవైపు ఖాళీ.

"రాయి యాడ?"

బర్నబాస్ తల వంచుకున్నాడు. "నువ్వు దిగినాక గోడవార దించేస్తి. సదువుకున్నాయన, మిషనోళ్ళు రాయిని మోస్తాండారని నవ్వుతాడేమోనని."

ఆమె గోడవార నుంచి విసుర్రాయిని దొర్లించుకొచ్చింది. ఇద్దరూ పట్టి ఎక్కించారు. "ఎప్పుడూ ఇట్లనే తిరుగుతాది సార్. ఇంకొక్కసారి సూడండి," అంది కృపావతి.

అదే మలుపు. ఈసారి చక్రం నేలనంటుకునే తిరిగింది.

"ఇదేమిటమ్మా?"

"నాలుగో మనిషి సార్," అంటూ ఎల్లమ్మ సంగతి చెప్పింది.

రామచంద్ర నవ్వలేదు. మంచం సంగతి రాశాడు, పడుకునే మనిషి సంగతి రాశాడు, కింద ఇంకో వరుస చేర్చి చదివి వినిపించాడు: రాయిని చట్రానికి బిగించవలెను, ఎవరున్నా లేకున్నా దించరాదు.

మధ్యాహ్నపు ఎండలో తిరిగి బయల్దేరేముందు, బర్నబాస్ తన కండువాతో రాయిని చట్రానికి గట్టిగా కట్టాడు. కృపావతి మళ్ళీ పడుకుంది. ఎండకు కాగిన రాయి అరికాళ్ళకు వెచ్చగా, నిద్రపోయే పసిబిడ్డ వీపులా తగిలింది. చింతకొమ్మలు ఇప్పుడు మదనపల్లె వైపు ఈదుతున్నాయి.

"కుదుపుతాందా కృపా?" అని అడిగాడు బర్నబాస్.

పక్కకు తిరిగి చూస్తే ఆమెకు కునుకు పట్టింది. అతను బండిని ఇంకాస్త మెల్లగా పోనిచ్చాడు.