జూలై దాకా కోయని గడ్డి

మా వైపు జూన్‌లో గడ్డి కోయలేదంటే ఆ రైతు మంచాన పడ్డాడనో, ట్రాక్టరు చెడిందనో, లేదా మనిషే పోయాడనో అర్థం. ఇంకో కారణం ఉండొచ్చని ఆ ఏడాది దాకా ఎవరికీ తెలియదు. చెప్పవలసినవాణ్ణి నేనే. చెప్పలేదు.

మా రోడ్డు చివర టౌన్‌షిప్ పంచాయతీ వాళ్ల డంపింగ్ యార్డు ఉంది. ఎవరి చెత్త వాళ్లే శనివారం పొద్దున పికప్ ట్రక్కులో తెచ్చి పడేస్తారు. పడేసి వెంటనే పోరు. ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఎవరి ఆవు ఈనింది, ఎవరి బావి ఎండింది మాట్లాడుకుంటారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నా గడ్డి పొలం పక్కనుంచే పోవాలి.

అంతకు ముందటేడు ఆకురాలు కాలంలో యార్డు నిండిపోయి, పక్కనున్న పచ్చిక బీడును అందులో కలిపేశారు. బుల్డోజర్లు పైమట్టి గీకేసి బూడిదరంగు బంకమట్టి తేల్చాయి. మే నెలలో బాబోలింక్ పిట్టలు దక్షిణ అమెరికా నుంచి తిరిగొచ్చాయి. మగపిట్టకు పొట్ట నలుపు, వీపు తెలుపు. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంటుంది. అవి గడ్డిలో నేల మీదే గూడు పెడతాయి. వచ్చినవి ఆ మట్టి మీద చుట్టూ చుట్టూ తిరిగాయి. కంచె మీద వాలాయి. పాడలేదు. చివరికి నా గడ్డిలో దిగాయి. నేను గేటు బాగు చేసుకుంటూ అదంతా చూశాను.

తరవాత టౌన్‌షిప్ తరఫున పక్షుల సంగతి చూసే అమ్మాయి అనిక్ మా ఇంటికొచ్చింది. పోయిన బీడుకి బదులు పిట్టల కోసం ఇంకోచోట గడ్డి విత్తారట, అది ఒత్తుగా ఎదగడానికి ఇంకా టైము పడుతుందట. ఈలోగా నా పొలం జూలై మధ్య దాకా కోయకుండా ఉంచగలనా అని అడిగింది. జూన్‌లో కోస్తే గూళ్లలోని పిల్లలు బ్లేడు కింద పోతాయి. జూలైలో కోస్తే గడ్డి ముదిరి బలం పోతుంది, పాలిచ్చే ఆవులకు పనికిరాదు. వట్టిపోయినవీ పెయ్యలూ తింటాయి, పాడి ఆవులకు అవతలి పొలం గడ్డి సరిపెట్టుకుందాం అనుకుని తలూపాను. నా భార్య వెర్నాతో అన్నం దగ్గర ఒక్క ముక్క చెప్పాను. నలుగురికీ నువ్వే చెప్పు, నీ బదులు నేను చెప్పను అంది. చెప్తాలే అన్నాను.

జూన్ వచ్చింది. ఎండలు బాగా కాశాయి. అందరి పొలాలూ గుండు గొరిగినట్టయ్యాయి. నా గడ్డి నడుము దాకా లేచి గాలికి పడి లేస్తోంది. శనివారం నేను యార్డుకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒకాయన నా మొహంలోకి చూసి గుండె ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ మాట రోగులే ఎక్కువగా అంటారని నాకు తట్టలేదు.

ఆ మరుసటి శనివారం నేను పాలు పితుకుతుండగా ఇంజన్ల చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే రోడ్డు మీద వరసగా ట్రాక్టర్లు, వాటి వెనక కోత మిషన్లు. ముందుదాని మీద వెర్నా తమ్ముడు లోర్న్. వాళ్ల వెనక పికప్పుల్లో ఆడవాళ్లు, ఇంట్లో కాల్చిన యాపిల్ పైలు, కాఫీ ఫ్లాస్కులు. మా దగ్గర మనిషి మంచాన పడితే అడక్కుండానే వచ్చి గడ్డి కోసిపెట్టి పోతారు. మా నాన్న కాలు విరిగినప్పుడూ అలాగే కోశారు. అలా వచ్చినవాళ్లను వద్దనడం ఎక్కడా లేదు.

నేను గేటు దాటేసరికే లోర్న్ అంచు వెంబడి ఒక వరస కోసేశాడు. పిట్టలు లేచి అరుస్తున్నాయి. మిషను ముందుకెళ్లి నిలబడ్డాను.

"పక్కకి జరుగు బావా. నువ్వు ఎండలో తిరక్కూడదు."

"నాకేం కాలేదు."

"రోగం దాచుకుంటే తగ్గుద్దా?"

"రోగం లేదు. నేనే కోయలేదు."

"అయితే బద్ధకమా? ఈ వయసులో కొత్తగా మొదలెట్టావా?"

వెనకున్నవాళ్లు నవ్వారు. అనిక్ చెప్పిందంతా నా బుర్రలో ఉంది. నోటికి రాలేదు.

"ఇంజను ఆపి దిగు. కాసేపు కూర్చుని ఆ పిట్టని చూడు," అన్నాను.

నా నోట అంత పొడుగు మాట వాళ్లెప్పుడూ విని ఉండరు. అందరూ దిగారు. చప్పుడు అణిగింది. గోధుమరంగు ఆడపిట్ట ఒకటి ముక్కున పురుగుతో వచ్చి, ఒక కాడ మీద ఊగి, దూరంగా గడ్డిలో పడిపోయింది.

"పోయింది," అన్నాడు లోర్న్.

ఆగమన్నాను. అది గూటి మీద వాలదు. ఎక్కడో దిగి, మొదళ్ల మధ్య నడిచి వెళ్తుంది. గడ్డి సన్నగా కదులుతున్న దారి వేలితో చూపించాను. ఆ కదలిక మిషను వైపే వచ్చింది. బ్లేడుకి కాస్త ముందు ఆగింది. అక్కణ్ణించి కిచకిచలు. పిట్ట లేచిపోయాక లోర్న్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పాయ తీశాడు. అన్నీ నోళ్లే, తెరుచుకుని ఉన్నాయి. పాయను ఉన్నది ఉన్నట్టు మూసేశాడు.

"ఈ ముక్క యార్డు దగ్గర అంటే నీ సొమ్మేం పోయేది బావా? మా ఆవిడ నీ కోసం చర్చిలో ప్రార్థన కూడా చేయించింది."

"ఆ ప్రార్థన ఊరికే పోలేదులే," అంది వెర్నా, కాఫీ కప్పులు తెస్తూ. "పిట్ట పిల్లలకి ముట్టింది."

మిషన్లు పైకెత్తుకుని రోడ్డు మీదికి తీశారు. వాళ్లు తింటుంటే నేను లోర్న్ కోసిన వరస వెంట నడిచాను. బ్లేడు కింద పడిన గూడు ఒకటి దొరికింది. దాని మీద గడ్డి కప్పి వచ్చాను. లోర్న్ చూశాడు గాని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తరవాత శనివారాలు నా గుండె సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎగిరాయా అని అడిగేవారు. ఇంకా లేదనేవాణ్ణి. జూలైలో ఒక పొద్దున కంచె తీగ పొడుగునా పిల్లపిట్టలు కూర్చుని ఉన్నాయి, బరువుకి తీగ వంగిందేమో అనిపించేటన్ని. పొలం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. గడ్డిలోంచి ఏదీ లేవలేదు. అయినా ఇంకోసారి నడిచి, అప్పుడు లోర్న్‌కి ఫోను చేశాను.

వాళ్లంతా మళ్లీ వచ్చారు. లోర్న్ ఒక కాడ తుంచి నమిలి ఉమ్మేశాడు.

"గడ్డి కాదు బావా, చీపురు పుల్లలు."

"పెయ్యలు తింటాయి."

"వచ్చే ఏడు మా వెనక పొలం కూడా ఆపుతాలే. నువ్వొక్కడివే చీపుళ్లు పండిస్తే మన ఇంటి పరువు ఏం కాను?"

ఆ శనివారం యార్డు దగ్గర ఈ కథంతా అతనే చెప్పాడు. గూడు తనే కనిపెట్టినట్టు చెప్పాడు. నేను దిద్దలేదు. వింటున్నవాళ్లలో ఒకాయన టోపీ తీసి తల గోక్కుని, ఏటిపక్క తన పొలంలోనూ అలాంటి తిరగేసిన చొక్కా పిట్ట ఒకటి తిరుగుతోందన్నాడు.