కుమ్హారి ఆదివారాలు

జ్యోత్స్నకు లెక్కలంటే భయం లేదు, నాన్నంటే అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే పంతం: షెడ్డు చెక్కుల మీద తన సంతకం పడాలి.

బసవరాజు స్టీల్ ప్లాంట్‌లో రిటైరై ఫాబ్రికేషన్ షెడ్డు పెట్టి పదకొండేళ్లయింది. ఆరేళ్లుగా కొటేషన్ల నుంచి జీఎస్టీ దాకా కూతురే చూస్తోంది. అయినా రెండు వేల చెక్కుకి కూడా ఆయన సంతకం కోసం ఆమె వైశాలి నగర్ ఇంటికి పరుగెత్తాల్సిందే. అడగ్గా అడగ్గా జనవరిలో ఆయన ఒక షరతు పెట్టాడు.

"అక్కర్లేని ఖర్చులో అరవై వేలు మిగిల్చి సూపించు. మార్చి ఆఖరికి బేంకులో నీ సంతకం ఇచ్చేస్తాను."

అదెంత పని అనుకుంది జ్యోత్స్న. అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్దులు తెరిచింది. ఇనుము, గ్యాసు, కరెంటు 'తప్పనివి'. ఆటోలు, కేలండర్లు, మిఠాయి డబ్బాలు, వెల్డర్ల నాలుగింటి నాస్తా 'మన ఇష్టం'. ఈ రెండో పద్దుకి నిర్దాక్షిణ్యంగా కత్తెర వేసింది.

మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం రిపోర్టు తీస్తే అరవై నాలుగు వేలు మిగులు! కుర్చీలోనే ఎగిరి గంతేసినంత పని చేసింది. ప్రింటు నొక్కబోతూ ఓవర్‌టైమ్ వరుస చూసింది. కిందటి మూడు నెలల కన్నా ముప్పై ఒక్క వేలు ఎక్కువ. ఆర్డర్లేమో అవే. నేరుగా షెడ్డులోకి వెళ్లి మేస్త్రీ సింహాద్రిని నిలదీసింది.

"నాస్తా మానేసినావు గదమ్మా," అన్నాడతను తాపీగా. "నాలుగైతే అందరం గేటవతల బండి కాడికి పోతన్నాం. ముందు ఇక్కడే పావుగంటలో అయిపోయేది. ఇప్పుడు గంట. మిగిలిన పని ఆరు దాటాక సేస్తన్నాం."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు గదా."

జ్యోత్స్నకు తన మీద తనకే ఒళ్లు మండింది. వచ్చి నాస్తాని 'తప్పనివి'లోకి మార్చింది. ముప్పై ఒక్క వేలూ మిగులులోంచి తీసేసింది. ముప్పై మూడే మిగిలాయి. ఈ ఒక్క వరుసా నాన్న కంట పడకుండా దాచొచ్చు. ఛీ, దాచి తెచ్చుకున్న సంతకం ఎందుకు?

'తప్పనివి' పద్దు మొదటి నుంచి మళ్లీ చదివింది. అక్కడ దొరికాడు దొంగ. ప్రతి ఆదివారం నాన్న, పాత షిఫ్టు స్నేహితులు నలుగురూ కలిసి హైవే మీది కుమ్హారి ఢాబాలో మటన్ తింటారు. సోమవారానికి రెండు వేల మూడొందల బిల్లు 'పార్టీ మీటింగ్' పేరుతో బల్ల మీదకి వస్తుంది. ఆర్డరిచ్చే పార్టీ ఒక్కటి కూడా ఆ ఢాబా గడప తొక్కిన పాపాన పోలేదు. తెలిసి తెలిసీ, నాన్న కదా అని, తన చేతులతోనే వాటిని తప్పని ఖర్చుల్లో రాసింది. పన్నెండు బిల్లులూ ఎంచి నాన్న సొంత ఖాతాకి తోసేసింది. మిగులు అరవై వేల ఆరు వందలు.

సాయంత్రం బసవరాజు కళ్లజోడు సవరించుకుని రిపోర్టు చదివాడు. నాస్తా వరుస దాటేశాడు. సొంత ఖాతా దగ్గర వేలు ఆగింది.

"పన్నెండూనేటే?"

"పన్నెండూ. వచ్చిన పార్టీ ఎవరో చెప్పు నాన్నా, వెనక్కి మార్చేస్తాను."

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన బ్యాంకు కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. కింద ఆయన సంతకం, జనవరి రెండో తేదీ.

"నా బిల్లు జోలికి రాడానికి మూణ్ణెల్లు పట్టిందేటే నీకు?"

జ్యోత్స్న ఆయన జేబులోంచే పెన్ను లాక్కుని సంతకం పెట్టింది.