వెనక సీటు లేని బండి

నేను ఒక పసుపుపచ్చ స్పోర్ట్స్ కారుని. రెండే సీట్లు, రెండే తలుపులు. నేలకీ నా పొట్టకీ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. గంటకి రెండువందల నలభై కిలోమీటర్లు పోతానని నా మీటరు మీద అంకెలున్నాయి. పుట్టిన తొమ్మిదేళ్లలో ఒక్కసారే నూట ఇరవై దాటాను. ఆ ఒక్కసారి ఏమైందో తర్వాత చెబుతాను. ముందు నన్ను చేసినవాళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ అడగరు.

నన్ను యంత్రాలు చేశాయని కంపెనీ వాళ్లు రంగుల పుస్తకాల్లో వేసుకుంటారు. వట్టిమాట. చేతులు చేశాయి. నా తలుపు చుట్టూ ఉన్న నల్ల రబ్బరుని ఒక అమ్మాయి బొటనవేలితో నొక్కింది. నొక్కీ నొక్కీ ఆమె గోరు కమిలిపోయి ఉండేది. లోపలి మూల అందాలంటే సీటు మీదకి వంగాలి. వంగే ముందు సీటు మీద మందపాటి కాగితం పరిచి, దాని మీద ఒక్క మోకాలు మాత్రం ఆనించాలి. కూర్చోకూడదు, అది రూలు. ఆమె ఎన్ని కార్లకి రబ్బరు నొక్కిందో లెక్కలేదు. ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చోవడానికి వేరే మనుషులున్నారు. ఏ పనీ చెయ్యకుండా అలిసిపోయినవాళ్లు.

అలాంటివాళ్లలో మొదటివాడు రొయ్యల చెరువుల ఆసామి. నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, బానెట్ మీద కుంకుమ పూశాడు, ఫంక్షన్ హాలు ముందు నిలబెట్టాడు. అంతే! ఫంక్షన్ హాలు నుంచి ఫంక్షన్ హాలుకి తిరగడమే నా పరుగు. ప్రతి స్పీడ్ బ్రేకరూ నా పొట్ట గీరేది. రెండోవాడు ప్లాట్లు అమ్మేవాడు. ముళ్లకంప మధ్య హద్దురాళ్లు పాతి, వాటి పక్కన నన్ను నిలబెట్టి ఫొటోలు తీయించేవాడు. నన్ను చూసి జనం ఆ బీడు కొన్నారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, కాదనను.

మూడోవాడు జిమ్ము నడిపే కుర్రాడు. ఒక మధ్యాహ్నం బీచ్ రోడ్డులో సెల్‌ఫోను పైకి పట్టుకుని, తన మొహం తనే చూసుకుంటూ నూట ఇరవై దాటించాడు. డివైడరుకి గుద్దాడు. వాడికి చిటికెనవేలు కూడా బెణకలేదు. నాకు ఎడమవైపు ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి వంగింది. దాన్ని సుత్తితో కొట్టి సాపు చేసినట్టు చేసి, పైన పసుపు రంగు దట్టంగా వేసి, గాజువాక ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ కార్ల బ్రోకర్ మహీధర్‌కి అప్పగించారు. రంగు కింద దెబ్బ అలాగే ఉండిపోయింది.

మహీధర్ షెడ్డు వెనకే కోత షెడ్డు. గ్యాస్ మంటతో కార్లని ముక్కలు చేసే చోటు. నాకంటే చిన్నవి, నాకంటే బాగా పనిచేసినవి, నా కళ్లముందే తలుపులుగా, ఇంజన్లుగా, ఉత్త రేకులుగా విడిపోయాయి. ఆరు నెలల్లో నన్ను చూడటానికి ఎందరో వచ్చారు. రంగు నిమిరారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. ఒక శనివారం మహీధర్ నా డోరు మీద చెయ్యేసి ఫోనులో అన్నాడు: “రేపటి దాకా చూస్తానన్నా. పోకపోతే సోమవారం కోసేద్దాం.”

ఆదివారం పొద్దున పది గంటలకి ఒక పాత స్కూటరు మీద ఇద్దరు దిగారు. వెనక కూర్చున్నామె పేరు పైడితల్లి. సిటీబస్సులో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరు, రెండు నెలల కిందట రిటైరైంది, అప్పుడు చేతికొచ్చిన డబ్బుతో బండి కొందామని వచ్చింది. స్కూటరు నడిపినాయన జోగారావు, ఆమె బస్సుకి చాలా ఏళ్లు డ్రైవరు. ఆమె నన్ను చుట్టూ తిరిగి చూసింది. రంగు ముట్టుకోలేదు. అద్దంలోంచి లోపలికి తొంగిచూసి తల పంకించింది.

“ఎనక సీటు లేదు,” అంది.

మహీధర్ కంగారుపడ్డాడు. “స్పోర్ట్స్ కారమ్మా, ఉండదు. మీకు ఫ్యామిలీ బండి చూపిస్తాను, రండి. ఆ మూల తెల్లది, ఏడుగురు పడతారు.”

“ఏడుగుర్నేటి బాబూ, డెబ్బై మందిని మోశాను. ఎనక సీటు లేదనే ఇటొచ్చాను.” ఆమె జోగారావు వైపు తిరిగింది. “డైవరన్నా, ఇరవై ఎనిమిదేళ్లు రోడ్డుకి ఈపు పెట్టి నిల్చున్నానా? టిక్కెట్టు, టిక్కెట్టు అంటా ఎనక్కి సూసుకుంటానే బతికాను. ముందు ఏటుందో నువ్వొక్కడివే సూశావు. ఇప్పుడు నేను సూస్తాను.”

“సూద్దువుగానీ, ముందు దీన్లో దూరగలవా?” అన్నాడు జోగారావు.

దూరింది. అరిగిన మోకాళ్లతో, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఓలమ్మో అనుకుంటూ దిగబడింది. “కారెక్కినట్టు లేదు, పీట మీద కూకున్నట్టుంది!” డ్రైవింగ్ స్కూలు చిన్నకారు మీద నేర్చుకుని, మూడు నెలల కిందట లైసెన్సు తెచ్చుకుందట. పక్క సీట్లో మహీధర్ ఎక్కబోయాడు.

“నువ్వు కాదు. నా డైవరు కూకుంటాడు.”

“బండి తీసుకుపోతే ఎలాగమ్మా?”

“ఆ స్కూటరు తాళాలు నీ దగ్గరుంచుకో. మరీ భయమైతే ఎనకాలే రా.”

గేటు దగ్గరే నేను ఆగిపోయాను. ఆమె క్లచ్చి ఒక్కసారిగా వదిలేసింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. మహీధర్ స్కూటరు మీద కూర్చుని గట్టిగా అన్నాడు, “లేడీసుకి ఆటోమేటిక్ బెస్టమ్మా!” ఆమె మెడ మీద చెమట నాకు కనిపించింది. జోగారావు బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, “ఎవరూ హోల్డాన్ అన్లేదే. ఎందుకాపావు?” అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మళ్లీ క్లచ్చి నొక్కింది.

“రైట్ రైట్,” అన్నాడు జోగారావు.

కదిలాం. నిజం చెప్పాలంటే అది పరుగు కాదు. పాత గాజువాక స్టాపు రాగానే ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయింది. ఎడమ పక్కకి తీసి, బస్సు ఆగే చోట, బస్సు ఆగినట్టే ఆపింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు సర్దుకునేంత సేపు ఆగి, మళ్లీ కదిలించింది. ఎందుకాగిందో ఆమెకే తెలీదు. తర్వాతి స్టాపులోనూ అంతే. నా వెనక మహీధర్ ఆ ముసలి స్కూటరు మీద హాయిగా వస్తున్నాడు. రెండువందల నలభై పోయే నన్ను స్కూటరు దాటిపోకుండా ఉండటానికి అవస్థ పడుతోంది!

శ్రీనగర్ స్టాపులో చేపల తట్ట దించుకున్న ఒకామె వంగి, “కూర్మన్నపాలెం ఎల్తాదా?” అని అడిగింది.

“ఎల్తాది, ఎక్కండి, ఎక్కండి, లోపలికి జరగండి!” అంది పైడితల్లి.

“లోపలికెక్కడికి జరగాలి? నా ఒళ్లోకా?” అన్నాడు జోగారావు. చేపలామె, వీళ్లిద్దరూ కలిసి నవ్విన నవ్వుకి నా అద్దాలు అదిరాయి. అంతకుముందు ఎనిమిదేళ్లలో నా లోపల ఎవరూ అలా నవ్వలేదు. నాలో కూర్చున్నవాళ్లు బయటివాళ్లు చూస్తున్నారా లేదా అని చూసుకోవడానికే సరిపోయేది.

స్టాపు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. ఆమె వేగం పెంచింది. యాభై. అరవై. అప్పుడు చేసింది ఎవరూ చెయ్యని పని. చెప్పులు విప్పి పక్కకి తోసింది. కాలి కింది మ్యాటు మడమతో వెనక్కి లాగేసింది. ఉత్త అరికాళ్లు నా రేకుకి ఆనించింది.

నా గుట్టు ఆ అరికాళ్లకి తెలిసిపోయింది. నాకప్పుడే అర్థమైంది.

ఆమె నవ్వు ఆగింది. మెల్లగా పక్కకి తీసి ఆపింది. “డైవరన్నా, ఎడం పక్క ముందు వణుకుతాంది.”

“నాకేం తెలీలేదే?”

“నీకెలా తెలుస్తాది? బస్సులో నువ్వు మెత్త మీద కూకున్నావు. నేను రేకు మీద నిల్చున్నాను. బ్రేకు పట్టేస్తే నాకు మడమల్లో తెలుస్తాది, చక్రం వంకరైతే కాలి ఏళ్లలో తెలుస్తాది. ఇది ఏళ్లలో తెలిసింది.”

మహీధర్ స్కూటరు ఆపి వచ్చాడు. “ఏమైందమ్మా?”

“దీనికెక్కడ దెబ్బ తగిలింది?”

“దెబ్బా! డాక్టరు గారి బండేనమ్మా ఇది. ఆస్పత్రికి, ఇంటికి, అంతే. గీత కూడా పడలేదు.”

“నేనేటి గీతల గురించి అడిగానా? నీ చెప్పులిప్పి దీన్లో కూకో. నేను తోల్తాను. నీ కాళ్లు ఏటంటాయో సెప్పు. కానీ ఒకటి. ఈ చక్రం ఊడితే ఆ పక్క సీట్లో ఉన్నది నువ్వే.”

మహీధర్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. విప్పలేదు. గొంతు తగ్గించాడు. “డివైడరు… చిన్నదేనమ్మా. రంగేస్తే పోయింది.”

మొత్తానికి అన్నాడు! ఆరు నెలలుగా రంగు కింద దాచుకున్న మాట నడిరోడ్డు మీద, పట్టపగలు బయటికొచ్చింది. నాకు సిగ్గేసిందా? లేదు. దెబ్బ తిన్నవాడు ఎందుకు సిగ్గుపడాలి? గుద్దినవాడు పడాలి, రంగేసినవాడు పడాలి.

“వొదిలెయ్ పైడమ్మా,” అన్నాడు జోగారావు. “ఇంకోటి సూద్దాం.”

“అంతేనమ్మా, ఇష్టం లేకపోతే వదిలేయండి,” అన్నాడు మహీధర్. “రేపు కోసేస్తాను. ముక్కలకే గిరాకీ ఎక్కువ.”

లారీలు పోతున్నాయి. నా ఇంజను ఆగి ఉంది, నా బతుకు ఆమె నోట్లో ఉంది. ఆమె తన మోకాలు రాసుకుంది.

“ఈ మోకాలు అరిగిపోయిందన్నాడు డాక్టరు,” అంది. “నన్ను కోసేసి ముక్కలమ్మమన్నాడా? రోజూ నడవమన్నాడు. ఇంజను బాగుంది, గుండె బాగుంది. ఒక్క చెయ్యి వొంగింది. బాబూ, ఆ వొంగిన చెయ్యి నీ షెడ్డులో, నా కళ్ల ముందు మార్చు. కాగితం మీద ‘దెబ్బ తగిలిన బండి’ అని నీ చేత్తో రాయి. అప్పుడు కొంటాను.”

“అలా ఎవరూ రాయరమ్మా! మార్కెట్లో నా పరువేం కాను?”

“రాయని కాగితానికి పరువేటి? రాస్తావా, స్కూటరిచ్చి పొమ్మంటావా?”

రాశాడు. పళ్లు కొరుక్కుంటూ, తెలుగులో, పెద్దక్షరాలతో రాశాడు. సోమవారం పొద్దున నన్ను కోత షెడ్డు గుమ్మం ముందు నుంచే తీసుకెళ్లారు, గ్యాస్ బండ కూడా సిద్ధంగా ఉంది. కానీ నన్ను పక్క షెడ్డులోకి తోశారు. పాత చెయ్యి విప్పి కొత్తది బిగించేదాకా పైడితల్లి అక్కడే స్టూలు మీద కూర్చుంది. బిగించాక చెప్పులు విప్పి నన్ను హైవే ఎక్కించింది. ఎనభై దాకా పోయాం. ఆమె అరికాళ్లు నిమ్మళంగా ఉన్నాయి. కళ్లు ముందుకే ఉన్నాయి. కొండ, కొండ మీద మబ్బు, ఎదురొచ్చే రోడ్డు, అన్నీ మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నేనూ అంతే.

ఇప్పటికి ఏడాదైంది. నా పరుగు గురించి గొప్పలు చెప్పలేను. నూట ఇరవై మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు. ప్రతి బస్టాపులోనూ ఆగుతాం. ఆ అలవాటు ఆమెకి పోలేదు, నాకూ వచ్చేసింది. ఖాళీ సీటు ఒకటుంది కాబట్టి ఒకరినే ఎక్కించుకుంటాం.

మొన్నొక పొద్దున కూర్మన్నపాలెం స్టాపులో ఫ్యాక్టరీ యూనిఫామ్‌లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. రాత్రి షిఫ్టు దిగింది కాబోలు, బట్టల నిండా గ్రీజు. బస్సు రాలేదు. పైడితల్లి తలుపు తీసి, “ఎక్కడికమ్మా?” అంది. అమ్మాయి నా లోపలికి చూసింది, తన బట్టలు చూసుకుంది. తలుపు అంచున నల్ల రబ్బరు మీద చెయ్యి ఆనించింది. ఆ చేతి బొటనవేలి గోరు కమిలి ఉంది. నా రబ్బరు నొక్కిన అమ్మాయో, అలాంటి ఇంకో అమ్మాయో, నాకు తెలీదు. సంచిలోంచి పాత న్యూస్‌పేపరు తీసి, మడత విప్పి, నా సీటు మీద పరవబోయింది.

“ఆ కాగితం తియ్యమ్మా,” అంది పైడితల్లి. “కూకో.”

అమ్మాయి కూర్చుంది. పూర్తిగా, వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

“రైట్ రైట్,” అంది మా కండక్టరు, తనకి తనే. కదిలాం.