నేనన్నానని కాదుగానీ

మా అత్తగారు వరహాలమ్మగారు తన పెద్దకర్మ భోజనాలకు తనే వచ్చి బంతి చివర ఆకు ముందు కూర్చుని ఉన్నారు, చనిపోయిన మనిషి ఇక్కడేమిటని ఎవరూ అడగడం లేదు, నాకూ అడగాలనిపించడం లేదు, బంతి మాత్రం నేను నడుస్తున్నకొద్దీ పొడుగై, షామియానా దాటి, ఏదో రైలుపెట్టెలోకి వెళ్లిపోతోంది. వడ్డించేవాళ్లు వస్తారు, ఆవిడ "నేనన్నానని కాదుగానీ" అంటారు, అంతవరకే విని వాళ్లు పకపకా నవ్వుతూ ముందుకు వెళ్లిపోతారు, ఆ తర్వాత ఆవిడ ఏమడిగారో ఎవరూ వినరు, ఆకు ఖాళీగానే ఉంటుంది.

ఆ మాట లేకుండా ఆవిడ ఏదీ చెప్పేవారు కాదు. వాన పడుతోందన్నా, చారులో ఉప్పు తగ్గిందన్నా ముందు అదే. ఆవిడను అనుకరించడంలో నన్ను మించినవాళ్లు లేరని మా చుట్టాల్లో నాకు పేరు. నిజంగా జరిగిన పెద్దకర్మ నాడు కూడా, భోజనాలయ్యాక వాళ్లు అడగడమే తడవు, ముక్కు మీద వేలేసుకుని, మెడ వంకరగా పెట్టి, సాగదీసి అన్నాను. అందరూ కడుపుబ్బ నవ్వారు. మామయ్యగారు లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను మజ్జిగ గిన్నెతో ఆవిడ ముందు వంగుతాను, ఆవిడ నోరు తెరుస్తారు, నా సాగదీతే బయటికొస్తుంది.

"ఇది నా గొంతు కాదే అమ్మాయ్. నాదేదీ?"

"మీదే అత్తయ్యగారూ, ఇదిగో" అని ఆ మాటను మామూలుగా అనబోతాను, ఎంత తిన్నగా అందామన్నా సాగిపోతుంది, రైలుపెట్టె నిండా నవ్వులు, సిగ్గుతో తలెత్తలేకపోతాను.

"ఆసుపత్రికి వెళ్లేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చేసింది. ఏం చెబుదామనుకున్నారు?" అని అడుగుతాను.

"నువ్వు నవ్వావు కదే. సరేలే అని నేనూ నవ్వేశాను. మళ్లీ చెప్పాలనిపించలేదు."

ఆవిడ ఖాళీ ఆకును మడుస్తారు.

"మడవకండి, ఈసారి నవ్వను, చివరిదాకా వింటాను" అని గిన్నె కింద పెట్టేసి చెయ్యి పట్టుకోబోతాను, అప్పటికే అక్కడ ఎవరూ లేరు.

మెలకువ వచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. వరండాలో మా అమ్మాయి చిన్మయి బొమ్మలను వరసగా కూర్చోబెట్టి, ముక్కు మీద వేలేసుకుని, "నేనన్నాననీ... కాదుగానీ" అని సాగదీస్తోంది. నన్ను చూసి ఆగింది.

"నాన్నమ్మలా వచ్చిందామ్మా?"

"నాన్నమ్మ అలా అనేది కాదమ్మా."

"మరెలా అనేది? ఒకసారి నువ్వు అను."

అనబోయాను. వేలు ముక్కు మీదికి పోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాను. చిన్మయి ఇంకా నా నోటి వంకే చూస్తోంది.