సుద్దముక్క లేని చెయ్యి

మా అక్క పోయిన రోజు మూడో పీరియడ్‌లో నేను ఎనిమిదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతున్నాను. అప్పటికి తొమ్మిది రోజులుగా అక్క ఆసుపత్రిలో ఉంది. అందుకని హెడ్మాస్టరు అనుమతితో ఫోను బల్ల మీద పెట్టుకునేదాన్ని. పదకొండు దాటాక అది మోగింది. బావగారు.

ఎడమ చేత్తో తీశాను. పాతికేళ్లుగా నా కుడిచేతిలో సుద్దముక్క ఉంటుంది. ఆ పొడి లోపలికి పోతుందని కుడిచేతిని ఫోనుకు తగలనివ్వను. పైగా ఒకసారి కింద పడేసి అద్దం పగలగొట్టుకున్నాను. అప్పటి నుంచి దాని అడుగుభాగాన్ని అరచేతిలో ఇరికించి గట్టిగా పట్టుకోవడం అలవాటైంది.

"మీ అక్క మాట్లాడతానంటోందమ్మా," అన్నారు బావగారు. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టినట్టున్నారు. ఊపిరి వినిపించింది.

"చెప్పక్కా," అన్నాను.

"ఏమేవ్, ఉన్నావా?"

"ఉన్నాను."

"పలకవేం? పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయిందా?"

నేను పలుకుతూనే ఉన్నాను. వరండాలోకి వచ్చి, స్తంభాలు దాటి, కుళాయి దాకా నడిచి పలికాను. నా మాట అవతలికి చేరడం లేదు.

"దీని మాట రావట్లేదండీ. మీరు కాస్త బయటికెళ్లి కనుక్కోండి," అంది అక్క. నేను విన్న ఆమె ఆఖరి మాట అదే. అది నాతో అన్నది కాదు.

బావగారు వార్డు బయటికి, మెట్ల దగ్గరికి వెళ్లారు. ఆలోపు నేను సుద్దముక్క కిటికీలో పెట్టి, చెయ్యి రుమాలుతో తుడుచుకుని, ఫోను కుడిచేతిలోకి మార్చుకున్నాను. మాట కలిసింది.

"హమ్మయ్య, ఇక్కడ బాగుంది," అన్నారాయన. డాక్టరు ఏమన్నదీ, అక్క ఎన్ని చెంచాలు జావ తాగిందీ చెప్పారు. కదిలితే మళ్లీ పోతుందని అక్కడే నిలబడి చెప్పారు. మొత్తం ఆరు నిమిషాలు. ఆయన మంచం దగ్గరికి తిరిగి వెళ్లేసరికి నర్సు తెర లాగుతోంది.

నెల గడిచింది. ఇంట్లోనూ ఫోను మధ్యమధ్యలో తెగిపోతుంటే బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాను. కంటికి భూతద్దం తగిలించుకున్న పెద్దమనిషి దాన్ని విప్పి, చూసి, మళ్లీ మూశాడు.

"దీనికేం రోగం లేదు టీచరుగారూ. ఏదీ, ఒకసారి నాకు ఫోన్ చేయండి."

చేశాను. ఆయన తెర వంక చూడలేదు. నా చేతిని చూశాడు.

"మీరు ఫోనును పట్టుకున్నారా, దొంగను పట్టుకున్నారా?"

"పడిపోతుందని."

"యాంటెన్నా ఇదిగో, కింద ఈ మూలన ఉంటుంది. సరిగ్గా దాన్నే అరచేత్తో మూసేశారు. సిగ్నల్ దండిగా ఉన్నచోట ఏం కాదు. అంతంతమాత్రంగా ఉన్నచోట మాత్రం, అవతలి మాట మీకు వినబడినా మీ మాట అటు పోదు. పీక పట్టుకుని పాట పాడమన్నట్టే." ఫోను తిరిగి ఇచ్చాడు. "రిపేరు మీ చేతికి కావాలి. ఆ పని నాకు రాదు."

నవ్వవలసిన చోటు కాబట్టి నవ్వి వచ్చాను.

ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవున్నట్టే ఉంచాలి అని పిల్లలకు చెబుతుంటాను. మర్నాడు పదకొండు గంటలకు అదే వరండాలో, అదే కుళాయి దగ్గర నిలబడ్డాను. ఎడమచేతిలో, ఆ పట్టులో, సిగ్నల్ గీత ఒకటి. ఒక్కోసారి అదీ లేదు. కుడిచేతిలో మూడు. పదిసార్లు చూశాను. లెక్కల టీచరు అటుగా వచ్చింది.

"ఏంటండీ, ఆ చేతికీ ఈ చేతికీ మారుస్తున్నారు, కాలుతోందా?"

"సైన్సు," అన్నాను.

"అయితే నాకొద్దు బాబూ," అని వెళ్లిపోయింది.

నేను ఇంకో పదిసార్లు చూశాను. గంట కొట్టారని పిల్లలు వచ్చి చెప్పారు.

ఆదివారం బావగారి ఇంటికి వెళ్లాను. ఆయన కూర్చోలేకపోతున్నారు. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపారు, మళ్లీ వెనక్కి జరిపారు. అక్క కళ్లజోడు ఇంకా పత్రికల మీదే ఉంది.

"నిన్న మళ్లీ వెళ్లాను," అన్నారు.

"ఎక్కడికి?"

"వార్డుకి. ఆ మంచం మీద ఇప్పుడు వేరే ఆవిడ ఉంది. వాళ్లాయనతో చెప్పి ఒక్క నిమిషం పక్కన నిలబడ్డాను. సిగ్నల్ నిండుగా ఉందమ్మా. మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ నిండుగానే ఉంది."

నేను ఖాళీ గ్లాసు తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చాను.

"మరి ఆ రోజు ఎందుకు లేదు?" అన్నారు. "నాకే అక్కడ ఉండబుద్ధి కాలేదేమో. ఆ గొట్టాలూ అవీ చూడలేక బయటపడ్డానేమో. సిగ్నల్ వంక దొరికిందేమో."

"అక్కే కదా వెళ్లమంది."

"మీ అక్క సవాలక్ష చెప్పేది. ముప్పై ఏళ్లలో ఒక్కటి విన్నానా? సరిగ్గా ఆ రోజే వినాలా?"

కుర్చీని మళ్లీ కిటికీ దగ్గరికి జరిపారు.

"నువ్వు సైన్సు చెబుతావు కదా. నువ్వు చెప్పు. మంచం దగ్గర సిగ్నల్ ఉంటే నీ మాట మీ అక్కకు ఎందుకు రాలేదు?"

జవాబు నా దగ్గర ఉంది. "గోడలు..." అని మొదలుపెట్టాను.

"గోడలు అక్కడే ఉన్నాయి కదమ్మా."

"ఆలోచించి చెబుతాను బావగారూ."

"చెప్పు. ఎప్పుడైనా సరే, చెప్పు. నిద్ర పట్టడం లేదు."

ఆ వారమంతా నేనూ ఒకచోట నిలవలేదు. నల్లబల్ల మీద రాసిన సమీకరణాన్నే మళ్లీ రాశాను. బడి నుంచి వస్తూ రెండుసార్లు ఆయన వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెబితే ఆయన మీది బరువు దిగుతుంది. ఆ తర్వాత ఆయన నన్ను ఏ కళ్లతో చూస్తారో తెలియదు. అక్క పోయాక నాకు మిగిలిన ఇల్లు ఆయనదొక్కటే.

శుక్రవారం సాయంత్రం నాలుగు గదులూ తిరిగి తిరిగి, చివరికి ఫోన్ చేశాను. చెప్పవలసింది తడబడకుండా కాగితం మీద రాసుకున్నాను. మూడు వాక్యాలు. కాగితం కుడిచేతిలో ఉంది.

"బావగారూ, ఆ రోజు సంగతి..."

"హలో? హలో... నీ మాట రావట్లేదమ్మా. ఉండు, మేడ మీదికి వెళ్తాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. నా ఎడమచేతిని చూసుకున్నాను. కాగితం బల్ల మీద పెట్టి, ఫోను చెయ్యి మార్చాను.

"ఎక్కడికీ వెళ్లకండి. ఉన్నచోటే ఉండండి."

"ఆఁ, ఇప్పుడు వచ్చింది. అదేంటి, నేను కదల్లేదు కదా. ఏం చేశావు?"

కాగితం కళ్లముందే ఉంది. నా దస్తూరీ పిల్లలు కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉంటుంది.

"తిన్నారా?" అన్నాను.

"తిన్నాను. ఏం చేశావమ్మా?"

"మళ్లీ చేస్తాను బావగారూ," అని పెట్టేశాను.

కాగితం సొరుగులో ఉంది. బావగారు ఈ బుధవారం కూడా వార్డుకు వెళ్లొచ్చారు. నేను ఆయనకు ఇంకా చెప్పలేదు.