ఎడమ జేబు మీద నీలం మరక

మా డ్రైక్లీనింగ్ కొట్టులో ఇస్త్రీ మా ఆయనది, మరకలు నావి. పెళ్ళయిన కొత్తలోనే అలా పంచుకున్నాం. ఆయనకి ఓపిక లేదు, నాకు ఇస్త్రీ వేడి పడదు. కాఫీ, సిరా, నూనె, రక్తం, ఏదైనా సరే నా బల్ల మీదికే వస్తుంది. ఇరవై రెండేళ్ళలో నేను చేతులెత్తేసిన మరకలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ బల్ల మీదే, మరకల మందు సీసాల పక్కన, ఫోన్ నిలబెట్టుకుని పద్నాలుగేళ్ళుగా పూల్ పోటీలు చూస్తున్నాను. మొదట ఒకాయన కోటు ఆరేదాకా మా కొట్టులో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటే నేనూ పక్కనుంచి తొంగిచూశాను. ఆరు కన్నాల బల్ల, ఒక కర్ర, ఒక తెల్ల బంతి, దానితో కొట్టి కన్నాల్లో వెయ్యాల్సిన తొమ్మిది రంగు బంతులు. ఆయన కోటు తీసుకుని వెళ్ళిపోయాడు, ఆట మాత్రం నాకు అంటుకుంది.

ఆట కంటే ఎక్కువగా ఒక ఆటగాడు అంటుకున్నాడు. అభిమానులు ఆయన్ని కొంగ అంటారు. బంతి కొట్టే ముందు వంగి అలా కదలకుండా నిలబడిపోతాడు, రెప్ప కూడా వెయ్యడు. "కొంగ జపం చేస్తాడు సరే, చేపని మాత్రం పక్కవాడు ఎత్తుకుపోతాడు," అంటాడు మా ఆయన. అందులో అబద్ధమేం లేదు, అందుకే నాకంత ఒళ్ళుమంట. కొంగ పెద్ద పోటీ గెలిచింది ఒక్కసారే, తొమ్మిదేళ్ళ క్రితం. ఆ తర్వాత ఐదుసార్లు సెమీఫైనల్‌ దాకా వచ్చి ఓడిపోయాడు. ఐదూ చూశాను. ఒకసారి ఆట చూసి ఏడుస్తూనే ఒకావిడ పట్టుచీర మీద నిమ్మరసం మరక తీశాను, అది మాత్రం బాగా వచ్చింది.

గెలిచిన ఆ రోజు హాల్లో ఏసీ పనిచెయ్యలేదు. చివరి బంతి ముందు ఆయన బొటనవేలికి చెమట, దాని మీద కర్రకి పూసే నీలం సుద్ద. వేలిని వెయిస్ట్‌కోటు ఎడమ జేబు అంచుకి తుడుచుకుని కొట్టాడు, గెలిచాడు. అప్పటినుంచి కష్టమైన ప్రతి బంతి ముందూ వేలు అక్కడికే పోతుంది. కోటూ మారలేదు, మరకా పోలేదు. ఫోన్‌లో బియ్యపుగింజంత కనిపించే ఆ మరక మా ఇంటి గుమ్మం కంటే నాకు బాగా తెలుసు.

ఆయన్ని ఒక్కసారి ఎదురుగా చూడాలి, ఒక్క మాట చెప్పాలి. అంతకుమించి నాకేం కోరిక లేదు. ఆ మాట కూడా సిద్ధం చేసుకుని ఉంచాను: "మీరు ఓడిపోయిన ఆటలు కూడా మొత్తం చూశానండీ." గెలిచినవి చూసేవాళ్ళు ఊరినిండా ఉంటారు.

ఈ ఏడాది పోటీలు మా ఊళ్ళో పెట్టారు. మా కొట్టుకి నాలుగు వీధుల అవతల. వార్త విన్నరోజే టికెట్ కొన్నాను, తిన్నగా శనివారం రాత్రి ఫైనల్‌కి. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది," అని మా ఆయన రెండు రోజులు నవ్వాడు. టికెట్ నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆటగాళ్ళు దిగిన హోటల్ బట్టలు మా కొట్టుకే వస్తాయి. గురువారం మూట విప్పుతుంటే ఐదో సంచిలోంచి ఆ వెయిస్ట్‌కోటు జారింది. ఎడమ జేబు అంచున నీలం. దగ్గరగా చూస్తే బియ్యపుగింజ కాదు, నిండు బొటనవేలంత ఉంది.

మా ఆయన చీటీ తీసి చదివాడు. "ఎడమ జేబు మీద నీలం మరక పూర్తిగా పోవాలి. ఇదిగో, నీ పనే."

"ఆ హోటల్‌వాళ్ళకి బుర్రలేదు. ఎవరో గది ఊడ్చేవాళ్ళు రాసుంటారు. ఆయన ఈ మరక తీయించుకుంటాడా చచ్చినా?"

"చీటీలో ఉన్నది చెయ్యవే. మనకెందుకు?"

"మీకేం తెలుసని మాట్లాడతారు?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోటంతా శుభ్రం చేశాను. మరక చుట్టూ వేలి వెడల్పు వదిలి, దానికి తడి తగలకుండా గుడ్డ కప్పి మరీ చేశాను. తీయడం కంటే వదలడమే ఎక్కువ కష్టమైంది. ఎవరో తెలిసినవాళ్ళ చేతుల్లో పడిందని ఆయనకి అర్థమవుతుందనుకుని సాయంత్రమంతా నాలో నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున పదింటికి తలుపు తెరుచుకుంది. ఎదురుగా కొంగ, చేతిలో ఆ కోటు. ఫోన్‌లో కంటే పొట్టిగా ఉన్నాడు, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"ఇది మీ కొట్లోనే ఇచ్చారటండీ. మరక పోలేదు. చీటీ మీద రాశాను కదా, చూడలేదా?" కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు.

"పొరపాటైందండీ. పది నిమిషాలు కూర్చోండి," అన్నాను. పద్నాలుగేళ్ళుగా దాచుకున్న మాటకి బదులు నా నోట వచ్చింది అదే.

మా ఆయన ఇస్త్రీ పెట్టె పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నవ్వాపుకుంటూ ఆయన పెదాలు బిగించుకున్న తీరుకి నాకు ఒళ్ళు మండింది. స్టూలు మాత్రం ఆయనే తెచ్చి వేశాడు.

బల్ల మీద ఫోన్‌లో ఆ పూట ఆట నడుస్తూనే ఉంది. కొంగ చూశాడు. "మీరు పూల్ చూస్తారా?"

"అబ్బే, నాకేం తెలుసండీ. మా ఆయన చూస్తారు," అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

మా ఆయనకి బంతికీ బఠాణీకీ తేడా తెలియదు. "అవునండీ," అన్నాడు పాపం, "ప్రాణం. ఆ ఎర్ర బంతంటే మరీనూ."

"ఏ ఎర్ర బంతి? రెండున్నాయి," అన్నాడు కొంగ.

"రెండూనండీ."

కొంగ నవ్వాడు. ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నేను తల ఎత్తకుండా కోటు తిరగేశాను. సుద్ద మరకకి ముందే తడి తగిలించకూడదు, పాకుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, కింద తెల్లగుడ్డ పెట్టి, వెనకనుంచి మందు చుక్కచుక్కగా వేస్తూ తట్టాలి. అప్పుడు రంగు కింది గుడ్డలోకి దిగుతుంది.

"చాలా ఏళ్ళదండీ. ఇన్నాళ్ళూ ఉంచుకున్నారు కదా, ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఇది పడ్డరోజు గెలిచాను. ఆ తర్వాత దీన్ని మోసుకు తిరగడమే సరిపోయింది. ఈ పోటీతో ఆపేస్తున్నాను. బీరువాలో పెట్టేసేటప్పుడు శుభ్రంగా ఉండాలి కదండీ."

ఆపొద్దండీ అందామనుకున్నాను. ఏ హక్కుతో అంటాను? ఆయన ఆట మానేస్తే నా మధ్యాహ్నాలు ఏమవుతాయో ఆయనకి చెబితే నవ్వుతాడు, లేదా జాలిపడతాడు. రెండూ నేను భరించలేను. చుక్కచుక్కగా మందు వేశాను. నీలమంతా దిగిపోయింది. తొమ్మిదేళ్ళ మరక తొమ్మిది నిమిషాల్లో నా చేత్తోనే పోయింది.

ఆయన జేబు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "భలే తీశారండీ," అని వెళ్ళిపోయాడు. మరక దిగిన తెల్లగుడ్డని రోజూ చెత్తబుట్టలో వేస్తాను. ఆ రోజు మడిచి సొరుగులో టికెట్ పక్కన పెట్టాను.

"చెప్పొచ్చుగా," అన్నాడు మా ఆయన.

"నోరు పెగల్లేదు."

ఇంకో జోకు వేస్తాడనుకున్నాను. టీ పెట్టి ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం సెమీఫైనల్. నా దగ్గరున్నది ఫైనల్ టికెట్టే కాబట్టి ఇదీ ఫోన్‌లోనే చూశాను. ముందు పదకొండు ఆటలు గెలిచినవాడిది పోటీ. పది పది దాకా వచ్చింది. మా ఆయన కూడా ఇస్త్రీ ఆపేసి నా వెనక నిలబడ్డాడు. "ఏ బంతే?" అని అడుగుతుంటే ఒక్కొక్కటీ చెప్పాను. చివరికి పసుపు గీత ఉన్న తొమ్మిదో బంతి ఒక్కటే మిగిలింది, అది వేసినవాడిదే ఆట. దూరంగా, బల్ల గట్టుకి ఆనుకుని ఉంది. కొంగ వంగబోయి ఆగాడు. చెయ్యి దానంతటదే ఎడమ జేబు మీదికి వెళ్ళింది. వేలు తుడుచుకున్నాడు. నేను శుభ్రం చేసిన చోటే, బియ్యపుగింజంత నీలం.

బంతి కన్నం అంచుకి తగిలి ఆగిపోయింది. పక్కవాడు వచ్చి దాన్ని లోపలికి తోసేశాడు.

కొంగ కర్రతో బల్ల అంచు మీద మెల్లగా తట్టాడు, ఎదుటివాడు గెలిస్తే అలా తడతారు. తర్వాత తల వంచి జేబు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. కెమెరా గెలిచినవాడి వైపు తిరిగిపోయింది. ఆయన్ని చూడటం అదే ఆఖరనుకుని ఫోన్ బోర్లించాను. మా ఆయన ఆరుసార్లు ఓడిపోయింది తనే అయినట్టు కూర్చున్నాడు. ఆ రాత్రి ఫైనల్‌కి నేను వెళ్ళలేదు, టికెట్ సొరుగులోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున హోటల్ మూటలో ఆ కోటు మళ్ళీ వచ్చింది. చీటీ మీద అదే చేతిరాత. ఈసారి అది ఎవరి రాతో నాకు తెలుసు. "ఇస్త్రీ మాత్రం చాలు. మరక ఉండనివ్వండి."

చీటీ నాలుగుసార్లు చదివాను. బీరువాలో పెట్టేసే కోటుకి మరక ఉంచమని ఎవరూ రాయరు.

"ఆడతాడే ఇంకా," అన్నాడు మా ఆయన. నేను తలూపాను.

పదకొండింటికి హోటల్ మనిషి బట్టలకి వస్తాడు, మధ్యాహ్నానికి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు. మా ఆయన కోటు నా ముందు పరిచి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. మూడో గుండీ ఎలాగూ వదులుగా ఉంది. ఊడగొట్టి పంపించు. మళ్ళీ తనే వస్తాడు. ఈసారైనా ఆ మాట చెప్పు."

గుండీ పట్టుకుని చూశాను. నిజమే, రెండు పోగుల మీద వేలాడుతోంది. ఒక్క లాగుడు చాలు.

సూదిలోకి నల్లదారం ఎక్కించి నాలుగు చుట్లు వేసి గట్టిగా కుట్టాను. మిగతా గుండీలు కూడా చూశాను. మరక మీద గుడ్డ కప్పి, చుట్టూ నేనే ఇస్త్రీ చేశాను. ఇరవై రెండేళ్ళలో ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం అదే మొదలు. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా వంక లేదు. హోటల్ మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు.

సాయంత్రం దాకా తలుపు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తి చూశాను. పని అంత బాగా చేశాక ఆయన ఎందుకొస్తాడు?